తెరుచుకోని చిటికెన వేలు

ఎముకలు కట్టే చెంగల్రాజుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆ పని ముగిసేసరికి తన ప్రశ్న ఏమైందో శిష్యుడే వెతుక్కోవాలి. ఏడేళ్ళుగా ఆయన దగ్గర కట్లు కడుతున్న నాదమునికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసినా అడగకుండా ఉండలేడు, అది అతని జబ్బు. ఇంకో జబ్బు కూడా ఉంది. అబద్ధం ఆడడు. ఆడనని నలుగురిలో చెప్పుకుంటాడు కూడా.

ఆ ఉదయం కాలు రెండుచోట్ల విరిగినవాడొకడు బీడీ కాలుస్తూ తీరిగ్గా కబుర్లు చెప్పాడు. వాడి పక్కనే బొటనవేలు బెణికినవాడు ఇల్లు పీకి పందిరేశాడు. ఇద్దరినీ పంపించాక నాదముని, ఆకు నూరుతున్న గురువు ముందు చతికిలబడి అడిగాడు.

"సామీ, నొప్పి ఉండేది దెబ్బలోనా, మనిషిలోనా?"

చెంగల్రాజుగారు రోలు వదల్లేదు. అంతలో వాకిట్లోకి భార్యాభర్తలు వచ్చారు. అతను దొరసామి, బెల్లం వండే రైతు. ఆమె కుప్పమ్మ. దొరసామికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. ఏడాది కిందట గానుగలోకి చెరుకు తోస్తుండగా చేతిని లాగేసుకుందట. పట్నం ఆస్పత్రిలో కుట్లు చక్కగా వేశారు. మానినచోట చర్మం పసిబిడ్డ బుగ్గలా నున్నగా ఉంది.

"లేని చెయ్యి నొస్తాండాది సామీ," అన్నాడు దొరసామి. "పిడికిలి బిగించుకోని ఉండాది. గోళ్ళు అరచేతిలో దిగబడతాండాయి. విప్పుదామంటే చెయ్యి లేదు. మోచేతి దాకా కోసేయండని ఆస్పత్రిలో కాళ్ళు పట్టుకున్నా. మా వల్ల కాదన్నారు. మీరు కూడా కాదంటే, మిగిలింది నేనే గానుగలో పెడతా."

అతను బెదిరించడం లేదు. పొలానికి నీళ్ళు పెడతానన్నంత మామూలుగా అన్నాడు. కుప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎప్పటినుంచి?" అన్నారు చెంగల్రాజుగారు.

"మొదట మూడునెలలు ఏమీ లేదు. అప్పుడు మా బామ్మర్ది చెప్పినాడు, నా చేతిని పసుపుగుడ్డలో కట్టి గానుగ పక్కనే పూడ్చినామని. పూడ్చేటప్పుడు కూడా చెరుకుగడ వదల్లేదంట సామీ. పిడికిలి బిగించే ఉన్నిందంట." చెబుతున్నప్పుడు దొరసామి గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "ఆ పొద్దునుంచి."

చెంగల్రాజుగారు కుప్పమ్మ వైపు చూశారు. ఆమె నేలచూపులు చూసింది. ఆయన నాదముని వైపు తిరిగారు.

"పోయి తవ్వు. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, చాపి, మళ్ళీ పూడ్చి రా. ఈమె చోటు చూపిస్తాది. ఈయన ఈడనే ఉంటాడు."

మిట్టమధ్యాహ్నానికి వాళ్ళు గానుగ చేరారు. చెరుకు ఆడే కాలం కాదు. బెల్లం కాచే బాన బోర్లించి ఉంది. మనిషి అలికిడి లేదు, పిట్ట అరుపు లేదు. నెలల తరబడి పొయ్యి వెలగని ఆ చోట పాకం వాసన మాత్రం ఇప్పుడే దించినంత వెచ్చగా వస్తోంది. కుప్పమ్మ చూపించినచోట నాదముని మోకాటిలోతు తవ్వాడు. పసుపుగుడ్డ మూట తగిలింది. వేసిన ముడి వేసినట్టే ఉంది. ఎముకలంటే భయం లేనివాడే, అయినా చేతులు పంచెకు తుడుచుకుని గాని ఆ ముడి విప్పలేదు.

లోపల చెయ్యి లేదు. ఎముక ముక్క కూడా లేదు. రెండు దోసిళ్ళ బూడిద ఉంది.

"చెయ్యి ఏడ దొరికింది నాయనా?" అంది కుప్పమ్మ. "పిప్పిలో నలిగిపోయింది. ఆ పిప్పి పొయ్యిలో పడింది. ఆ పొద్దు కాగిన పాకమంతా కాలవలో పారబోసినాము. ఊరికే ఉండలేక ఇంత బూడిద తీసి కట్టినాము."

"మరి పిడికిలి?"

"మా తమ్ముడు కల్పించినాడు. బావ దిగాలుగా ఉన్నాడే, వింటే కాస్త రోషంగా లేచి కూచుంటాడని." ఆమె గుంట అంచున కూలబడింది. "నిజం చెప్తే ఆయన తట్టుకోలేడు. నీకు దండం పెడతా."

నాదముని ఎర్రటి ఎండలో ఆ బూడిదను చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ చూడని పిడికిలి అది. ఎన్నడూ బిగించని పిడికిలి. దాని గోళ్ళు ఒక మనిషిని తొమ్మిది నెలలుగా నిద్రపోనివ్వడం లేదు. అతను బూడిదను మళ్ళీ మూటకట్టి, పూడ్చి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

దీపాలు పెట్టేవేళకు తిరిగి వచ్చేసరికి దొరసామి అరుగుమీద అలాగే కూర్చుని ఉన్నాడు. చెంగల్రాజుగారు పక్కనే పట్టీలు చింపుతున్నారు.

"విప్పినావా?" అన్నాడు దొరసామి.

అబద్ధం ఆడనని చెప్పుకున్న గొప్ప నాలుకకు అడ్డం పడింది. నాదముని గురువు వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు. కుప్పమ్మ స్తంభం వెనక నిలబడిపోయింది.

"విప్పినా," అన్నాడు నాదముని.

"ఒక్కొక్కటే చెప్పు."

అబద్ధం చేతగానివాడికి ఆసరా కావాలి. నాదముని తన కుడిచేతిని పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముందు బొటనవేలు," అంటూ తన బొటనవేలు చాపాడు. దొరసామి చూపు ఆ పిడికిలికి అతుక్కుంది. దీర్ఘంగా ఊపిరి వదిలాడు. "తర్వాత చూపుడువేలు." దొరసామి భుజాలు దిగాయి. "నడిమివేలు." "ఉంగరపువేలు." అప్పుడు నాదమునికి దొరసామి మణికట్టు కనిపించింది. ఆ నున్నటి చర్మం కింద ఏదో కదులుతోంది. ఒక్కో వేలు పేరు చెప్పినప్పుడల్లా ఒక్కో నరం లేచి పడుకుంటోంది.

దొరసామి కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. హాయిగా ఏడుస్తున్నాడు. ఉన్నట్టుండి మొహం ముడుచుకుంది.

"చిటికెన వేలు? దాని గోరు గుచ్చుకుంటానే ఉండాది."

"అదీ... విప్పినా."

"లేదు," అన్నాడు దొరసామి నెమ్మదిగా. "నువ్వు విప్పలేదు. నాకు తెలుస్తాండాది."

పట్టీ చిరుగుతున్న చప్పుడు ఆగింది. నాదమునికి పారిపోవాలనిపించింది. అయితే మిగిలిన చెయ్యి గానుగలో పెడతానన్న మాట గుర్తొచ్చింది, స్తంభం వెనకున్న ఆడమనిషి గుర్తొచ్చింది. అతను ముందుకు జరిగి ఎడమచెయ్యి చాపాడు. చెయ్యి ఆగిపోయిన చోటికి అవతల, చిటికెన వేలు ఉండవలసిన ఖాళీలో రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాడు.

అది తేలిగ్గా రాలేదు. కాస్త మొరాయించింది. తర్వాత వచ్చింది.

దొరసామి "అమ్మయ్య" అని అరుగుమీదే వాలిపోయాడు. కుప్పమ్మ వచ్చి తల ఒళ్ళో పెట్టుకునేసరికే గురక మొదలైంది. ఆమె కదిలితే మెలకువ వస్తుందేమోనని కళ్ళు కూడా తుడుచుకోలేదు.

నాదముని వెనక్కి జరిగి గురువు దగ్గర కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"సామీ, ఆడ చెయ్యి లేదు. ఒట్టి బూడిద. పిడికిలి మాట కట్టుకథ."

"ఊఁ."

"మరి నేను విప్పింది దేన్ని? నా వేళ్ళకు తగిలిందే!"

చెంగల్రాజుగారు శిష్యుడి కుడిచెయ్యి అందుకుని దీపం దగ్గరికి లాగారు. నాదముని చూసుకున్నాడు. నాలుగు వేళ్ళు చాచి ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంది. గోరు దిగినచోట నెత్తురు చిమ్మి, కారి, మణికట్టు మీద అప్పుడే ఎండిపోయింది కూడా. అది కంటపడే దాకా అతనికి ఏమీ తెలియలేదు. కంటపడిన మరుక్షణం నొప్పి మోచేతి దాకా పాకి, "అబ్బా!" అని అరిచాడు.

చెంగల్రాజుగారు ఆ వేలు పట్టుకుని నిదానంగా చాపారు.

"ఇంతసేపూ ఈ నొప్పి యాడుండింది, నాదమునీ?"