వేడెక్కించి తెచ్చిన బండి

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు రేడియేటర్ల పున్నయ్య. చెప్పినవాడి పేరు ముందు చెప్పడం నా పద్ధతి. ఎవరో అన్నారట అని మొదలయ్యే మాటకు నేను విలువివ్వను. పున్నయ్య ఆ పొద్దున అక్కడ ఉన్నాడు, బండి మీద చెయ్యి వేసి ఉన్నాడు. వాడికి గొప్పలు చెప్పే అలవాటు లేదు. కాబట్టి వాడు చెప్పింది చెప్పినట్టే చెబుతాను.

చిలకలూరిపేటలో హైవే పక్క షెడ్లలో పెట్రోలు బండ్లంటే ఈశ్వరాచారి మేస్త్రే. ఆయన ఎంతమంది శిష్యుల్ని తయారుచేసినా ఎవరికీ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబిచ్చేవాడూ కాదు. అడిగినవాణ్ణి ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళి నిలబెట్టేవాడు. అక్కడ కనబడిందే జవాబు. కనబడకపోతే ఆ లోపం చూసినవాడిది.

ఆ శిష్యుల్లో మస్తాన్‌వలీ మంచి పనిమంతుడు. ఒక సాయంత్రం వాడు గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏసుదాసు నడిపే పాత అంబాసిడర్ మళ్ళీ షెడ్డుకొచ్చి వెళ్ళింది. దాని జబ్బు ఏసుదాసు చెప్పేదాన్నిబట్టి ఇదీ: తెల్లవారి తాళం తిప్పితే అంటుకోదు, ఎలాగో అంటుకున్నా నిలకడగా ఆడదు, వణుకుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. మస్తాన్ ప్లగ్గులు తీసి గీకాడు. పాయింట్లు మార్చాడు. కార్బురేటరు విప్పి కడిగాడు. షెడ్డులో ఉన్నంతసేపూ ఆ ఇంజను బొంగరంలా నిలకడగా తిరిగేది. ఇంటికి పోయాక మళ్ళీ అదే గోల అని కబురొచ్చేది.

“గురువుగారూ, చెయ్యాల్సిందంతా చేస్తున్నాను. ఆ బండి నా చేతికి లొంగడం లేదు. నా చేతిలో ఏం తక్కువ?” అని అడిగాడు.

మేస్త్రి రంపపుపొట్టుతో చేతుల జిడ్డు రుద్దుకుంటున్నాడు. రుద్దుకోవడం అయ్యాక, రేపు తెల్లవారుతుండగా నూనె డబ్బా, పానాలు పట్టుకుని చర్చి వెనక ఏసుదాసు ఉండే సందుకు రమ్మన్నాడు. అంతే.

మస్తాన్ అలా అడగడానికి కారణం ఉంది. ఆ బండి ధాన్యం కమీషన్ వ్యాపారి కోటిలింగం గారిది. ఆయన తెల్ల పంచె కట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంటే, నలుగురు బండి తోయడం ఆయనకు తలవంపుగా ఉంది. ఇంకొక్కసారి తోయించావంటే తుక్కు కింద అమ్మేస్తానని ఏసుదాసుతో ఖరాఖండిగా చెప్పాడు. ఏసుదాసు మీసం రాని రోజుల నుంచీ ఆ బండే నడుపుతున్నాడు. ఇంకో బండి ఎక్కింది లేదు. అది తుక్కులోకి పోతే, ఆ వయసు డ్రైవర్ని పిలిచి స్టీరింగ్ చేతికిచ్చేవాడు పేటలో ఎవడూ లేడు. ఈ సంగతి షెడ్లలో అందరికీ తెలుసు.

మర్నాడు గురుశిష్యులు సందులోకి వచ్చేసరికి బండి వెనక పున్నయ్య, పాలు పోసే శామ్యూలు, ఇంకో ఇద్దరు చేతులు ఆనించి ఉన్నారు. ఏసుదాసు లోపల కూర్చుని తల బయటపెట్టి ఊఁ అంటున్నాడు. “బావా, ఈ బలం పొలంలో పెట్టి ఉంటే ఈపాటికి ఎకరం దున్నేవాళ్ళం” అని పున్నయ్య అంటున్నాడు. మేస్త్రిని చూడగానే నలుగురూ చేతులు తీసేశారు. ఏసుదాసు దిగి వచ్చి, బండికేమీ లేదండీ, వాకిలి ఊడవాలంటే కాస్త పక్కకు జరుపుతున్నాం అన్నాడు. ఊడవడానికి అక్కడ చీపురు పట్టుకున్న మనిషే లేదు.

మేస్త్రి వెళ్ళి అరుగు మీద కూర్చుని ఏసుదాసు భార్య కరుణమ్మను మంచినీళ్ళడిగాడు. మస్తాన్‌ను బానెట్ ఎత్తమన్నాడు.

కరుణమ్మ నీళ్ళిచ్చి అక్కడే నిలబడింది. భర్త వద్దని చెయ్యి ఊపుతున్నా ఆగలేదు.

“మీరు షెడ్డుకు పెద్దవారు కాబట్టి చెబుతున్నానయ్యా. మొదటిసారి దీన్ని మనుషుల చేత తోయించుకునే మీ షెడ్డుకు తెచ్చాడు. అక్కడెవరో, ఏం దాసూ, ఎటూ తోస్తున్నావుగా, పైన నాలుగు వంకాయలు పెట్టుకో, ఊరంతా అమ్ముకోవచ్చు అన్నాడంట. అందరూ ఒకటే నవ్వంట. బానెట్ ఎత్తనివ్వకుండానే వెనక్కి తోయించుకొచ్చేశాడు, ఆ పూట ఈయన అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ ఇక్కడే తోయించి, పేటంతా తిప్పి వేడెక్కించి, శుభ్రంగా తుడిచి మీ దగ్గరికి తెస్తున్నాడు.”

బిడ్డకు జ్వరమొస్తే తల దువ్వి, పౌడరు రాసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే తల్లులున్నారు. ఏసుదాసు చేసింది అదే. ఆ మాట అన్నదెవరో ఆమెకు తెలియదు. ఏసుదాసుకు తెలుసు, అతను రోడ్డు వైపు చూస్తున్నాడు. మస్తాన్ తల బానెట్ కింద ఉంది, పైకి రాలేదు. మేస్త్రి గ్లాసు పక్కన పెట్టి, తోయొద్దు, తాళం తిప్పు అన్నాడు.

ఏసుదాసు తిప్పాడు. బండి మూలిగింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. బ్యాటరీ అయిపోతుందేమోనని శామ్యూలు గొణిగాడు. చాలాసేపటికి ఎలాగో అంటుకుంది. అంటుకుని, చలిజ్వరం వచ్చిన మనిషిలా బండి మొత్తం వణికింది. ఏసుదాసు అలవాటు కొద్దీ యాక్సిలరేటరు తొక్కబోయాడు.

“కాలు తియ్యి దాసూ. దగ్గనీ” అన్నాడు మేస్త్రి.

ఇన్నాళ్ళుగా ఆ బండికి మరమ్మత్తు చేస్తున్నవాడు దాని దగ్గు వినడం అదే మొదలు. మస్తాన్ కాసేపు చెవి పెట్టి విన్నాడు. తర్వాత నూనె డబ్బా తీసుకుని కార్బురేటరు మొదట్లో, అది ఇంజను గొట్టం మీద కూర్చునే చోట, చుట్టూ ఒక్కొక్క చుక్క వేస్తూ వచ్చాడు. లోపలి పక్క చుక్క పడగానే వణుకు ఆగింది. ఊపిరి తీసి వదిలినంతసేపు ఇంజను చక్కగా ఆడింది. నూనె లోపలికి పీల్చేసుకున్నాక మళ్ళీ దగ్గు మొదలైంది. సంగతి తేలింది. కార్బురేటరుకూ గొట్టానికీ మధ్య ఉండే ప్యాకింగ్ అట్ట ఎండి బిగుసుకుపోయి సందు ఇచ్చింది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి ఎయిర్ లాగుతోంది. ఇనుము వేడెక్కితే సందు మూసుకుపోతుంది, జబ్బు దాక్కుంటుంది.

మస్తాన్ ఇంజను ఆపించి కార్బురేటరు విప్పాడు. ప్యాకింగ్ అట్ట దాని అంచు మీద పరిచి, సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ కొత్తది కోస్తున్నాడు. అప్పుడు కోటిలింగం గారు వచ్చాడు. నరసరావుపేట వెళ్ళాల్సిన రోజు అది. ఎత్తి ఉన్న బానెట్ చూశాడు, విప్పి పెట్టిన సామాను చూశాడు, బండి వెనక నిలబడిన నలుగురినీ చూశాడు. దాసూ, నీకు ముందే చెప్పాను అన్నాడు.

వేరే రోజైతే ఏసుదాసు వాకిలి ఊడవడం గురించి చెప్పేవాడే. పున్నయ్య కూడా అదే అంటాడనుకున్నాడు.

“చెడిందండీ. రోజూ తోయిస్తూనే ఉన్నానండీ. ఇవాళే చూపించాను” అన్నాడు ఏసుదాసు.

కోటిలింగం గారు కండువా సర్దుకుని నిలబడ్డాడు. మస్తాన్ ప్యాకింగ్ కూర్చోబెట్టి, నట్లు బిగించి పక్కకు తప్పుకున్నాడు. ఏసుదాసు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అంటుకుంది. కాలు తీసేశాడు. బండి నిలకడగా ఆడుతూనే ఉంది. కోటిలింగం గారు ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఆలస్యమైంది, పోనియ్యి అన్నాడే గాని తుక్కు మాట ఎత్తలేదు. ఆ మాట వెనక్కి తీసుకున్నట్టూ చెప్పలేదు. అయితే ఏసుదాసు ఆ తర్వాత చాలాకాలం ఆ బండే నడిపాడు. అది నేను కళ్ళారా చూశాను.

బండి మలుపు తిరిగాక మస్తాన్ కరుణమ్మ ముందుకు వెళ్ళి, వంకాయల మాట అన్నది నేనేనమ్మా అన్నాడు. ఆమె వాడి మొహం చూసింది. చేతులు చూసింది. జిడ్డుగా ఉన్నాయి, కడుక్కో నాయనా అని సబ్బుపొడి తెచ్చిచ్చింది. వాడు కడుక్కుంటూ ఉండగా మేస్త్రి అరుగు మీద నుంచి లేస్తూ ఒక మాట అన్నాడు. ఆ మాట కోసమే నేనిదంతా కూర్చుని రాయించాను.

ఎందుకంటే షెడ్ల సంఘం గోడ మీద ఈశ్వరాచారి మేస్త్రి పేరు పెట్టి, “వినే చెవి ఉంటే ఇంజనే చెబుతుంది” అని పెద్ద అక్షరాలతో రాయించారు. అలా రాయించింది బ్యాటరీల రత్తయ్య. మేస్త్రి బానెట్ ఎత్తి చెవి పెట్టగానే జబ్బు కనిపెట్టాడని మీటింగుల్లో చెబుతున్నది కూడా అతనే. మేస్త్రి ఆ రోజు బండిని ముట్టుకోనే లేదు. రత్తయ్య ఆ సందులో లేడు. వంకాయల మాటకు షెడ్డులో నవ్వినవాళ్ళలో మాత్రం ఉన్నాడు, అందరికంటే గట్టిగా నవ్వాడు. అతను చెప్పే కథలో వంకాయలు ఎందుకు ఉండవో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మేస్త్రి అన్నది ఇదీ: “నీ చేతిలో తక్కువేమీ లేదురా మస్తానూ. నీ దగ్గరికి రావాలంటే బండి ముందు బాగుపడి రావాల్సొస్తోంది.”

సంఘంలో ఇప్పుడు పెద్దలుగా ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, ఆ గోడ మీది మాట చెరిపించి ఈ మాట రాయించాలని నా మనవి.