పలకని మెట్టు

పురంధర్ కూతురు ప్రశ్నలడగడం మానేసింది.

వినడానికి ఇది చిన్న మాటే. కానీ ఆ పిల్లను ఎరిగినవాడికి గుండె జారుతుంది. ఎనిమిదేళ్ల చారుమతి ఒకసారి ఎర్రగుట్ట మీది మా ఆశ్రమానికి వచ్చి, ఇడ్లీకి చిల్లులు ఎవరు పొడిచారు, చీమలకు ఆవలింత వస్తుందా, దేవుడికి జలుబు చేస్తే మందెవరిస్తారు అని నన్ను చుట్టుముట్టింది. మదనపల్లె నుంచి కదిరి దాకా వాదంలో నన్ను గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. అలాంటి నేను వంటింట్లో బియ్యం బస్తాల వెనక దాక్కున్నాను. ఓడిపోయి కాదు, ఊపిరి తీసుకోవడానికి.

ఆ నోటి పుణ్యాన పిల్ల బళ్లో రోజూ వరండాలో నిలబడేది. చివరికి పంతులమ్మ పురంధర్‌ను పిలిపించి, "మీ పాప నోరు ఇంట్లో పెట్టి పంపండి సార్" అంది.

పురంధర్‌కు రోషం ముంచుకొచ్చింది. దసరా సెలవులు కాగానే పిల్లను బడి మాన్పించాడు. సాయంత్రాలు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మనిషి, పగలంతా తీరికే. "నా బిడ్డకు నేనే చదువు చెప్తాను. ఆ నోరు ఎవరూ మూయించలేరు" అని చుట్టాలందరి ముందూ తొడగొట్టాడు.

బళ్లో ఎవరూ మూయించలేని ఆ నోరు ఇంట్లో మూతపడింది.

వేసవి సెలవులు ముగుస్తుండగా పురంధర్ గుట్టెక్కి వచ్చి మా సాములోరి ముందు కూలబడ్డాడు. ఆ గుట్టకు మెట్లు కొట్టింది నేనే, ఒంటిచేత్తో, ఒక్క వానాకాలంలో. మనిషి చెమటలు కక్కుతుంటే మెట్లు సరిగ్గా కొట్టలేదేమో అనిపించింది గానీ, అది అతని మనసులోని బరువు.

"సామీ, ఏం చెప్పినా తలూపుతుంది. అర్థమైందా అంటే అయిందంటుంది. ఒక్క ప్రశ్న లేదు! చదవని పుస్తకం లేదు నేను, కొనని బొమ్మ లేదు. సోమవారం బళ్లు తెరుస్తారు. మళ్లీ ఆ బడికే పంపుతానని మా ఆవిడ మందాకిని పట్టుబట్టింది. 'అక్కడ తిట్లు తిన్నా మనిషిలా ఉండేది, నీ దగ్గర బొమ్మైపోయింది' అంటోంది. నేనేం తప్పు చేశాను సామీ?"

సాములోరు కళ్లు మూసుకున్నారు. ఏదో మహావాక్యం వస్తుందని నేను చెవులు రిక్కించాను.

"రేపు పొద్దున మీ ఇంటికొస్తాం. ఉగ్గాణి, బజ్జీ చేయించు" అన్నారు.

తెల్లారగానే నాకు ఇంకో ఆజ్ఞ. "హార్మోణియం ఎత్తుకో."

అది నా హార్మోణియం. ముందురోజు సాయంత్రం భజనలో నేను దాన్ని వాయిస్తుంటే గుట్ట కింద రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. పంచర్లు పడ్డాయని కొందరంటారు. అసూయాపరులు. దాన్ని నెత్తిన పెట్టుకుని మదనపల్లె దాకా నడిచాను. సాములోరు గొడుగేసుకుని ముందు నడిచారు. గొడుగు ఆయనకే.

పురంధర్ ఇంటి ముందుగది చూసి నాకు నోట మాట రాలేదు. అది చాలా అరుదు. గోడకు నల్లబల్ల, దాని ముందు కుర్చీ, బల్ల, గంట. ఎదురుగా ఒకే ఒక్క బెంచీ. దాని మీద తెల్లచొక్కా, నీలం గౌను, మెడకు టై కట్టుకుని చేతులు ముడుచుకు కూర్చున్న చారుమతి.

పురంధర్ గంట కొట్టాడు. హాజరు పిలిచాడు.

"చారుమతి!"

"ప్రెజెంట్ సార్."

ఇంకా పిల్లలున్నారేమోనని నేను బెంచీ కిందికి వంగి చూశాను. లేరు.

వంటింటి గుమ్మంలోంచి మందాకిని గరిటె ఊపింది. "చూశారా సామీ? మంచినీళ్లకు చెయ్యెత్తాలి. నా దగ్గరికి రావాలంటే పర్మిషన్. అమ్మా అని పిలిస్తే మార్కులు కట్. ఈ బడికి నేను ఆయాను!"

"క్రమశిక్షణ లేకుండా చదువెలా వస్తుందే?" అని పురంధర్ విసుక్కుని బోర్డు వైపు తిరిగాడు. "ఈరోజు పాఠం ధ్వని. ధ్వని గాలిలో తరంగాలుగా ప్రయాణిస్తుంది. డౌట్స్?"

"నో సార్."

పురంధర్ మా వైపు చేతులు చాచాడు. "ఇదీ సామీ! ఇదే నా ఖర్మ!"

సాములోరు చాప మీద కూర్చుని ఉగ్గాణి పళ్లెం ముందుకు లాక్కున్నారు. "పురంధరా, ఆ పెట్టెలో ఒక మెట్టు పలకడం లేదు. సాయంత్రం భజనుంది. బాగుచేసి పెట్టు."

నేను ఎగిరిపడ్డాను. "నిన్న పలికింది కదా!"

సాములోరు నన్నొక చూపు చూశారు. చిరుతపులిని కళ్లతో వెనక్కి నడిపించినవాణ్ణి నేను. నోరు మూసుకున్నాను.

"సామీ, నేను పిల్ల గురించి అడిగితే మీరు పెట్టె ఇస్తారేంటి? నాకు హార్మోణియం తెలీదు!"

"తెలీదా?" సాములోరు బజ్జీ కొరికారు. "మంచిది."

గురువు మాట కాదనలేక పురంధర్ చొక్కా చేతులు మడిచి నేల మీద చతికిలబడ్డాడు. తిత్తి కొట్టాడు. మెట్లన్నీ నొక్కుకుంటూ పోయాడు. మధ్యలో ఒకటి ఫుస్సుమంది. మళ్లీ నొక్కాడు. ఫుస్స్. అరచేత్తో బాదాడు.

"అట్లా కాదు నాయనా, నేనైతే చెవి ఆనించి..." అన్నాను.

"మీరు కాసేపు ఊరుకోండి పెద్దాయనా!"

ఊరుకున్నాను. నాకది వ్రతంతో సమానం.

స్క్రూడ్రైవర్ తెచ్చి పైపలక ఊడదీశాడు. లోపల వరసగా పుల్లలు, స్ప్రింగులు, ఇత్తడి నాలుకలు. లెక్కల మాస్టారి మొహం పరీక్షహాల్లో పిల్లాడి మొహంలా అయింది. తనలో తానే గొణుక్కుంటున్నాడు. "ఇది నొక్కితే అది లేస్తోంది. ఎందుకు లేస్తోంది? గాలి ఇక్కడిదాకా వస్తోంది. మరి ఎటు పోతోంది? ఛీ, దీని దుంపతెగ!"

ఒక స్క్రూ జారి బెంచీ కిందికి దొర్లింది. చారుమతి కిందికి దిగి దాన్ని తీసింది. ఇవ్వకుండా గుప్పిట్లో పట్టుకుని తండ్రిని చూస్తూ నిలబడింది.

"నాన్నా, నీకు నిజంగానే తెలీదా?"

మందాకిని చేతిలో గరిటె ఆగిపోయింది. నా నోట్లో ఉగ్గాణి ఆగిపోయింది.

పురంధర్ తల ఎత్తాడు. అలవాటు కొద్దీ చూపుడువేలు కూడా ఎత్తాడు. ఆ వేలికి నల్లటి జిడ్డు. దాన్నే కాసేపు చూసి, కిందికి దించాడు.

"తెలీదు చారూ."

పిల్ల అతని మోకాలి పక్కనే కూర్చుంది. "తిత్తి నేను కొట్టనా?"

"కొట్టు."

ఇక చూడండి. గట్టు తెగింది. "ఈ నాలుక పెద్దదెందుకు? అది చిన్నదెందుకు? పెద్దది లావుగా ఎందుకు అరుస్తుంది? గాలి కనపడదు కదా, మరి ఇత్తడిని ఎట్లా కదిలిస్తుంది? మనం ఊదితే పలుకుతుందా? ఈ తాత మీసం తిత్తిలో ఇరుక్కుంటే ఏమవుతుంది?"

మూడు జిల్లాల్లో పేరున్న మీసం. రెండు చేతులతో కప్పుకున్నాను.

పురంధర్ కొన్నింటికి జవాబు చెప్పాడు. కొన్నింటికి "చూద్దాం పట్టు" అన్నాడు. తండ్రీకూతుళ్ల తలలు పెట్టెలోకి దూరిపోయాయి. కాసేపటికి వాళ్లిద్దరికీ మేమున్నామనే గుర్తులేదు. బజ్జీలన్నీ సాములోరూ నేనూ తిన్నాం.

"నాన్నా, ఈ నాలుక కింద ఏందో ఉంది."

తన జడపిన్ను తీసి ఇచ్చింది. పురంధర్ ఊపిరి బిగబట్టి లాగాడు. సన్నటి గుడ్డపీలిక. కాషాయం రంగుది.

మెట్టు నొక్కితే ఖంగుమని పలికింది. చారుమతి చప్పట్లు కొట్టి, పీలికను వేలికి చుట్టుకుని, తిన్నగా సాములోరి వైపు తిరిగింది.

"సామీ, ఇది లోపలికి ఎట్లా పోయింది?"

నేను కూడా అదే అడుగుదామనుకున్నాను. సాములోరు అంగవస్త్రం చిరిగిన అంచును మెల్లగా ఒళ్లోకి మడుచుకున్నారు.

మందాకిని వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. మెడలో టై విప్పి, దాంతోనే పిల్ల మొహానికంటిన జిడ్డు తుడిచింది.

వెళ్లేటప్పుడు పురంధర్ వీధి గుమ్మం దాకా వచ్చాడు. చేతులు కట్టుకుని చిన్నపిల్లాడిలా అడిగాడు. "సామీ, మరి రేపేం పాఠం చెప్పను?"

సాములోరు గొడుగు విప్పారు.

"ఆశ్రమంలో గోడగడియారం బాగానే నడుస్తోంది. చెడగొట్టి పంపమంటావా?"