గొడుగు మనిషిని ఎవరు వాడుతున్నారు?

ఒక ఇంటి ప్లాను కంప్యూటర్లోకి వలస వచ్చింది. గీతలుగా పుట్టినవాళ్ళు గోడలుగా లేచి నిలబడాలంటే మోడలింగ్ సాఫ్ట్‌వేర్ అనే ఆ రాజ్యానికి రావలసిందే. తలుపు, మెట్లు, కిటికీ, కుర్చీ, అందరూ ఒకే ఫైలులో ఇరుక్కుని, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ సరిహద్దు దాటారు.

ఆ రాజ్యానికి రాజు సున్నా లేయరు. లేయరంటే గీతలు కాపురముండే అంతస్తు లాంటిది. గోడలకొకటి, తలుపులకొకటి ఉంటుంది. ఎక్కడా చోటు దొరకనివాళ్ళు సున్నా లేయరు మీద పడతారు. మిగతా లేయర్లను ఎవరైనా చెరిపేయవచ్చు గానీ సున్నాను చెరపడం ఎవరి వల్లా కాదు. ఆయన రాజు కావడానికి ఇంతకు మించిన అర్హతేమీ లేదు. చాలామంది రాజులకు ఈపాటిది కూడా ఉండదు.

వచ్చినవాళ్ళతో పాటు చెత్త కూడా వచ్చింది. ప్లాను గీసిన డ్రాఫ్ట్స్‌మన్ తుమ్మినప్పుడు పడ్డ గీత ఒకటి. ఉన్న గోడ మీదే అచ్చుగుద్దినట్టు పడుకున్న ఇంకో గోడ. ఎవరూ చదవని సూచనలు, లోపల ఏమీ లేని లేయర్లు. ఫైలు బరువెక్కిపోయి, రాజు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిరగాలంటే ఆయాసం వచ్చేది.

“శుభ్రం చెయ్యి,” అన్నాడు రాజు, ఊడ్చేవాడితో.

ఊడ్చేవాడు నియమం తప్పడు. నియమం ఒక్కటే, ఎవరూ వాడనిది ఉండకూడదు. ఎదురైనవాళ్ళందర్నీ అతను ఒకే ప్రశ్న అడుగుతాడు. “నిన్ను ఎవరు వాడుతున్నారు?” జవాబులో, ఆ రాజ్యంలో ఉన్నవాళ్ళ పేరు ఒక్కటి వినబడితే చాలు, వదిలేస్తాడు. లేకపోతే చీపురు ఒక్క విసురు విసురుతాడు.

“డ్రాఫ్ట్స్‌మన్ గారికి జలుబు చేసిందండీ, అందుకని పుట్టాను,” అంది తుమ్ము గీత. అది జవాబు కాదు కాబట్టి పోయింది. రెండో గోడా పోయింది. తలుపూ మెట్లూ ఇది చూసి మురిసిపోయాయి. ఇన్నాళ్ళకు ఇల్లు ఇల్లులా ఉందనుకున్నాయి. చీపురు పక్కవాళ్ళ మీద తిరుగుతున్నంతసేపూ అందరికీ శుభ్రమంటే ఇష్టమే.

ఇంటి ముందు గొడుగు పట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. ఇల్లు ఎంత ఎత్తో చూసేవాళ్ళకు తెలియాలని డ్రాఫ్ట్స్‌మన్ అతణ్ణి అక్కడ నిలబెట్టాడు. ఆ సంగతి అతనికి తెలియదు. చుట్టుపక్కల మనిషన్నవాడు తనొక్కడే కాబట్టి ఇల్లు తనదేనని అతని నమ్మకం. మొదటి మెట్టు మీదికి ఒక కాలు ఎత్తి, పుట్టిన దగ్గర్నుంచీ లోపలికి వెళ్ళబోతూనే ఉన్నాడు.

“అయ్యా, మిమ్మల్ని ఎవరు వాడుతున్నారు?” అని అడిగాడు ఊడ్చేవాడు.

“నన్ను వాడటమేమిటి? వాడేది నేను కదా. మెట్లు నాకే, తలుపు నాకే. లోపల కుర్చీ కూడా ఉందట.”

“మీరు ఎవర్ని వాడుతున్నారని కాదండీ నేనడిగింది.”

గొడుగు మనిషి ఆలోచించాడు. ఎంతకీ జవాబు తట్టలేదు. అప్పుడతనికి భయం వేసింది. పోతాననే మాట అంతవరకు అతని మనసులోకే రాలేదు.

“ఒక్కరైనా వచ్చి మిమ్మల్ని వాడుతున్నామంటే వదిలేస్తాను. వెళ్ళి అడిగి చూడండి,” అన్నాడు ఊడ్చేవాడు. చెడ్డవాడేమీ కాదు.

గొడుగు మనిషి ఎత్తిన కాలు దించి మెట్టు మీద పెట్టాడు. “అక్కా, నన్ను వాడుతున్నావని ఒక్క మాట చెప్పవా?” అని మెట్లను అడిగాడు.

“తొక్కేది నువ్వు, తొక్కించుకునేది నేను. ఇందులో నేను వాడుకున్నదేముంది నాయనా?” అన్నాయి మెట్లు.

తలుపు ఇంకా ఖచ్చితంగా మాట్లాడింది. “నువ్వు వస్తావని నేనున్నాను తమ్ముడూ. నేనున్నానని నువ్వు లేవు. అబద్ధం ఎలా ఆడమంటావు?” ఆ మాట తనకే బాగా నచ్చి, కిటికీకి వినబడేలా ఇంకోసారి అంది.

తలుపు దాటి లోపలికి వెళ్తే కుర్చీ మాత్రం, “ముందు కూర్చో,” అంది.

అతను గొడుగు ముడిచి పక్కన పెట్టి కూర్చున్నాడు. కిటికీలోంచి గాలి వస్తోంది. గోడ చల్లగా వీపుకు తగులుతోంది. ఇల్లు తను అనుకున్నదానికంటే బాగుంది. ఇన్నాళ్ళూ బయట నిలబడి ఏం చేశానా అని అతనికి ఏడుపొచ్చింది. పోవాలని లేదు.

కుర్చీ ఊడ్చేవాణ్ణి పిలిచింది. “ఇతను కూర్చుంటేనే నేను కుర్చీని, లేకపోతే నాలుగు కర్రలు. కాబట్టి ఇతణ్ణి నేను వాడుతున్నట్టే. రాసుకో.”

“కొరివితో తల గోక్కుంటావెందుకే?” అని తలుపు గొణిగింది.

ఊడ్చేవాడు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. “నువ్వు చెప్పింది బాగుంది గానీ తిరగబడి ఉంది. అతను నిన్ను వాడుతున్నాడు. అందుకని నువ్వు ఉంటావు. నీకేం భయం లేదు.”

“నా సంగతి ఎవరడిగారు? అతని సంగతి చెప్పు.”

“అతని జవాబులో ఎవరూ లేరు కదమ్మా.”

“ఇంకాసేపు కూర్చోవచ్చా?” అని గొడుగు మనిషి అడిగాడు. కూర్చోకూడదని నియమం లేదు కాబట్టి ఊడ్చేవాడు ఆగాడు. తరవాత చీపురు విసిరాడు. గొడుగు ఒక్క క్షణం ఒంటరిగా ఉండి, అదీ పోయింది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకసారి ఊడ్చి ఊరుకుంటే చాలదు. ఒకరు పోతే, వాళ్ళకోసమే ఉన్నవాళ్ళు కొత్తగా పనికిరానివాళ్ళవుతారు. ఊడ్వడానికి ఇంకేమీ లేదని తేలేవరకు మళ్ళీ మళ్ళీ ఊడ్వాలి. పని తెలిసినవాళ్ళందరూ అలాగే చేస్తారు.

ఊడ్చేవాడు మళ్ళీ మొదలుపెట్టాడు. కుర్చీ అలిగి జవాబే చెప్పలేదు. పోయింది.

“నిన్ను ఎవరు వాడుతున్నారు?” అని తలుపును అడిగాడు.

“మా ఇంటాయన,” అంది తలుపు గబగబా. అతనుండగా ఆ మాట ఒక్కసారి అని ఉంటే ఎంత సంతోషించేవాడో. ఊడ్చేవాడు చుట్టూ చూశాడు. అలాంటివాళ్ళెవరూ లేరు. తలుపు పోయింది.

“ఇప్పుడే ఎక్కి వెళ్ళాడు బాబూ, నా మీద ఆ బరువింకా తెలుస్తోంది,” అన్నాయి మెట్లు. బరువు ఎవరి పేరూ కాదు. మెట్లు పోయాయి. కిటికీ ఏదో చెప్పబోయి, లోపలినుంచి చూసేవాళ్ళు లేరని తనే గ్రహించి చీపురుకు దారిచ్చింది. మనిషి లేని గదులు పోయాయి, గదులు లేని గోడలు పోయాయి. కప్పు కొంతసేపు గాల్లో నిలబడి, తను ఎవరి తల మీద ఉందో గుర్తు తెచ్చుకోలేక అదీ పోయింది.

“ఊడ్వడానికి ఇంకేమీ లేదు మహారాజా,” అన్నాడు ఊడ్చేవాడు.

రాజు గిర్రున తిరిగి చూసుకున్నాడు. ఆయాసం లేదు. “శభాష్,” అన్నాడు. “ఇంతకీ నిన్ను ఎవరు వాడుతున్నారు?”

“చెత్త, మహారాజా,” అని, ఆ మాట తన చెవిన పడ్డాక ఊడ్చేవాడు ఆగిపోయాడు. నిజాయితీపరుడు. చీపురు తనవైపు తిప్పుకున్నాడు.

కొంతకాలం రాజుకు హాయిగానే ఉంది. తరవాత తిరిగినా తిరిగినట్టు తెలియడం మానేసింది, ఎటు చూసినా ఒకటే కాబట్టి. ఆ గొడుగు మనిషిని ఒకసారి పిలిపించుకుని పలకరించాల్సిందని రాజు బాధపడ్డాడు. ఎవరూ వాడకపోతేనేం, కూర్చోబెట్టి కబుర్లు చెప్పుకునేవాళ్ళం అనుకున్నాడు. బుద్ధి వచ్చింది గానీ చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఇంతలో ఒక బస్టాండు ప్లాను సరిహద్దుకు వచ్చిందని తెలిసింది. రాజు పరుగు పరుగున ఎదురెళ్ళాడు. అందరికంటే ముందు ఒక పొడుగాటి బెంచి నిలబడి ఉంది.

“రండి రండి. మీలో మనుషులున్నారా?” అని అడిగాడు రాజు.

“బోలెడుమంది ఉండేవాళ్ళు మహారాజా. టికెట్ల దగ్గర వరసలో కొందరు, సంచుల మీద కూర్చుని కొందరు. నా మీదే పిల్లనెత్తుకుని ఒకావిడ ఉండేది.”

“వాళ్ళందర్నీ లోపలికి రమ్మను. భయపడొద్దని చెప్పు. ఇక్కడ ఊడ్చేవాడు లేడు.”

బెంచి నొచ్చుకుంది. “మీ రాజ్యంలో శుభ్రం ఎక్కువని విన్నాం మహారాజా. ఆ మాత్రం మర్యాద మాకు తెలియదా? దారిలోనే అందర్నీ ఊడ్పించేసి వచ్చాం. ఇప్పుడు అన్నీ పనికొచ్చేవే.”