మిల్లుగోడ నల్లంచి

అనగనగా గోదారి కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక బియ్యం మిల్లు. పొద్దున్నే ఇంజను మొదలైతే పక్కమనిషి మాట కూడా వినపడేది కాదమ్మా.

ఆ ఇంజను నడిపేవాడు గవర్రాజు. అతని పెళ్ళాం అచ్చాయమ్మ అక్కడే ధాన్యం ఎండబోసేది. ఇద్దరూ ఇంట్లో కూడా కేకలేసుకునే మాట్లాడుకునేవారు. పోట్లాట కాదు, అలవాటు.

మిల్లుగోడ కన్నంలో నల్లంచి పిట్టలు గూడు కట్టుకున్నాయి. తోక పైకెత్తి తిరుగుతుంది చూడు, నలుపూ తెలుపూ పిట్ట, అదే. తోటల్లో నల్లంచి మెల్లగా, తీయగా పాడుతుంది. మిల్లు నల్లంచి మాత్రం ఈలేసినట్టు కీచుగా పాడేది.

"చూశావా, వీటి జాతే మారిపోయింది. పుట్టుకే వేరు," అన్నాడు గవర్రాజు.

"జాతి మారడమేంటయ్యా! ఈ మిల్లుకొచ్చాకే కదా నేనూ కేకలు నేర్చాను. నా పుట్టుక మారిందా?" అంది అచ్చాయమ్మ.

ఆ తర్వాత ఒక గాలివానకి గోడపెచ్చు ఊడి గూడు కిందపడింది. మూడు పిల్లల్లో రెండు పోయాయి. కళ్ళు తెరవని మూడోదాన్ని అచ్చాయమ్మ కొంగులో పెట్టుకుని, కాలవ దాటి కొబ్బరితోటలో ఉన్న పుట్టింటికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ మిడతలు పెట్టి దాన్ని పెంచింది.

మళ్ళీ చైత్రమాసం వచ్చింది. అప్పుడు ఆ పిట్ట గొంతు విప్పింది. అచ్చం తోటపిట్టల్లాగే మెల్లగా పాడింది! గవర్రాజు విని, తల గోక్కుని, "నువ్వే గెలిచావే," అన్నాడు.

కానీ తోటలోని మగపిట్టలు దాన్ని ఉండనివ్వలేదు. పొడిచి పొడిచి తరిమేశాయి. ఏం చేస్తుంది అచ్చాయమ్మ? మిల్లు దగ్గరికే తెచ్చి వదిలింది. మగపిట్ట పాట వింటేనే కదా ఆడపిట్ట జోడుకొచ్చేది! అక్కడేమో ఆ చిన్నగొంతు ఎవరికి వినపడుతుంది?

"ఓ గంట ఆలస్యంగా ఇంజను వెయ్యవయ్యా," అని బతిమాలింది. గవర్రాజు సరేనన్నాడు. మొదటిరోజు పిట్ట పాడింది, ఆడపిట్ట రాలేదు. రెండోరోజూ రాలేదు. మూడోరోజు మబ్బు పట్టింది, రైతులు తొందరపెట్టారు, ఇంజను వెయ్యక తప్పలేదు. అచ్చాయమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి.

అప్పుడు మిల్లు కప్పుమీంచి కీచుమని ఒక పాట! మన పిట్టే. గొంతు పెంచుకుంది. కాసేపటికి ఒక ఆడపిట్ట ఎగిరొచ్చి దాని పక్కన వాలింది.

"నేర్చేసుకుందే!" అని అరిచాడు గవర్రాజు, ఇంజను మోతని మించి.

ఏంటమ్మా? పిట్టల జాతి ఎప్పటికీ మారదా అంటావా? మారుతుంది తల్లీ. కొన్ని పిట్టలు పుట్టుకతోనే కీచుగొంతుతో పుడతాయనుకో. మోతలో అవే వినపడతాయి, వాటికే జోడు దొరుకుతుంది, వాటి పిల్లలే ఎక్కువవుతాయి. అలా ఎన్నో తరాలు దాటితే, తోటలో పెంచినా కీచుగానే పాడే పిల్ల పుడుతుంది. అప్పుడు జాతి మారినట్టు. ఒక్క పిట్ట బతుకులో అయ్యే పని కాదది. ఒక్క పిట్ట నేర్చుకుంటుంది, అంతే.

ఆ యేడు మన పిట్టా దాని జోడూ మిల్లుగోడ కన్నంలో నాలుగు గుడ్లు పెట్టాయి. నాలుగూ పిల్లలై ఎగిరిపోయాయి.

కథ కంచికి నడిచింది,
కునుకు మనల్ని పిలిచింది.