కోపాల దానమ్మ చాప

మీ ముత్తాతల ముత్తాతలకి ఇంకా పాలపళ్ళు రాని రోజుల్లో, మిరపకాయ ఒక్కొక్కటి మూరెడు పొడుగు కాసే రోజుల్లో, ఎర్రకళ్లం అనే ఊళ్ళో దానమ్మ అనే మనిషి ఉండేది.

దానమ్మకి పొలం లేదు, పుట్ర లేదు. మొగుడు ఏనాడో పోయాడు. పిల్లలు పుట్టలేదు. కళ్లంలో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే కూలి ఆమెది. ఉన్న ఆస్తల్లా ఒక తాటాకు చాప, ఒక కోపం. చాప చిన్నది. కోపం మాత్రం మూడు ఊళ్ళకి పంచినా మిగిలేది.

ఆ ఊళ్ళో ప్రభువు గుడి ఒకటుండేది. ఎంత పెద్ద గుడి అనుకున్నారు? ఈ గోడ దగ్గర ఒకడు తుమ్మితే ఆ గోడ దగ్గరవాడికి వచ్చే ఆదివారానికి గానీ వినపడేది కాదు. మెట్లే నాలుగు వందలు. లోపల వెయ్యిమంది కూర్చునేవారు. వెయ్యిమందీ ఒక్కసారి పాటెత్తుకుంటే, పక్క ఊరి చెరువులో చేపలు ఒడ్డుకొచ్చి వినేవి.

గుడికి సంఘపెద్ద జకరయ్య. ఆయన మీసాలు ఈ చెవి దగ్గర మొదలై ఆ చెవి దాటి పోయేవి. జనంలోంచి నడిస్తే నలుగుతాయని, పెందలాడే వచ్చి గంట కొట్టి, పక్కతలుపులోంచి లోపలికి పోయేవాడు. ముందు నిలబడి జనాన్ని చూసి, "వెయ్యిమంది! స్తోత్రం!" అనేవాడు. ప్రతి ఆదివారం అదే మాట. "వెయ్యిమంది! స్తోత్రం!"

ఆ వెయ్యిమందిలో దానమ్మ పక్కన కూర్చునే పిల్ల నయోమి. మొగుడు కూలికని దేశాంతరం పోయి తిరిగి రాలేదు. ఉన్న ఒక్క బిడ్డా జ్వరమొచ్చి పోయింది. సమాధుల దొడ్డిలో చిన్న గుంట తీశారు. జనం వచ్చారు, పాట పాడారు, ఇళ్ళకి పోయారు.

ఒక ఆదివారం గడిచింది. రెండో ఆదివారం గడిచింది. మూడో ఆదివారం కూడా గడిచింది. నాలుగో ఆదివారం, మోకరించి లేవబోతూ, దానమ్మ ఊతం కోసం పక్కన చెయ్యి వేసింది. ఇదివరకు ఎప్పుడన్నా అట్టా వేస్తే నయోమి భుజం తగిలేది. ఈసారి నేల తగిలింది.

ఆమెన్ అనకుండానే లేచి పరిగెత్తింది దానమ్మ. నయోమి గుడిసెలో పొయ్యి చల్లగా ఉంది. పిల్ల గోడకి ఆనుకుని ఉంది. పెదాలు ఎండి అట్టకట్టినాయి.

"ఎన్నాళ్ళయిందే తిని?"

"తెలీదత్తా."

"గుడికి ఎందుకు రాలా?"

నయోమి నవ్వింది. అసలు నవ్వకూడని నవ్వు అది. "నేను రాలేదని వెయ్యిమందిలో ఒక్కరికి తెలిసిందా అత్తా? మీకే తెలీనప్పుడు దేవుడికి మాత్రం ఎట్టా తెలుస్తది?"

దానమ్మకి కోపం వచ్చింది. మొదట తన మీదే వచ్చింది. పక్కనే కూర్చునే మనిషి లేకపోతే మూడు వారాలు తెలియని తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపానికి చల్లటి పొయ్యి దానంతటదే రాజుకుందంటారు. ఆ మంట మీదే జావ కాచి తాగించింది.

మరుసటి ఆదివారం జకరయ్య మీసాలు సర్దుకుని, "వెయ్యిమంది! స్తోత్రం!" అన్నాడు.

వెనకనుంచి దానమ్మ లేచింది. "పెద్దయ్యా, ఈవేళ రానివాళ్ళెవరు?"

"వచ్చినవాళ్ళని చూసి సంతోషించవే. రానివాళ్ళతో నీకేం పని? కూర్చో."

"నయోమి నాలుగు వారాల నించి రాలా. చావబోయింది."

"ఏ నయోమి?" అన్నాడు జకరయ్య.

దానమ్మకి కోపం వచ్చింది. ఆ కోపానికి కళ్లంలో ఆరేసిన పండుమిరపకాయలన్నీ ఒక్క పూటలో ఎండిపోయాయి. రైతులు సంతోషించారు గానీ దానమ్మ సంతోషించలేదు. ఆ గురువారమే పని దిగాక కళ్లంలో తన చాప పరిచింది. చాప మీద ఏడుగురు పట్టారు. నయోమిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది. కళ్ళజోడుకి ఒక్క అద్దమే ఉన్న సీమోను తాతని వాక్యం చదవమంది. మిగతావాళ్ళు తొడిమలు తీసే కూలీలే.

"ఒక్క కట్టడి," అంది దానమ్మ. "ముందు కోపాలు. తర్వాత ప్రార్థన. కడుపులో కుంపటి పెట్టుకుని పైకి స్తోత్రం అనేవాళ్ళు నా చాప మీద కూర్చోవద్దు."

ఇక చూడండి! ఒకామె అత్తని తిట్టింది. ఒకామె మేస్త్రిని తిట్టింది. సీమోను తాత తన మోకాళ్ళని తిట్టుకున్నాడు. తిట్టడం అయ్యాక ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేశారు. కళ్లంలో మిరపఘాటు ఉంది కదా, ఎవరు ఏడ్చినా ఎందుకేడుస్తున్నావని అడిగేవాళ్ళు లేరు. హాయిగా ఏడ్చారు.

తాత వాక్యం చదివాడు. గుళ్ళో ప్రసంగం చేసేది అయ్యగారు. ఆయన ప్రసంగం మధ్యలో లేచి "నాకర్థం కాలా" అంటే వెయ్యి తలలు తిరిగి చూసేవి. ఇక్కడ అంటే ఆరు నోళ్ళు "నాకూ కాలా" అనేవి. మళ్ళీ చదివేవాడు. మూడోసారికి ఎవరికో ఒకరికి వెలిగేది. ముప్పై ఏళ్ళు గుళ్ళో కూర్చుని నోరు విప్పనివాళ్ళు ఆ చాప మీద ప్రార్థన నేర్చుకున్నారు.

నయోమి మాత్రం మాట్లాడలేదు. మొదటి గురువారం మాట్లాడలేదు. రెండో గురువారం మాట్లాడలేదు. మూడో గురువారం, "నేను ప్రార్థన చెయ్యను. నాకు ఆయన మీదే కోపం" అంది.

అందరూ నాలుక కరుచుకున్నారు.

"అయితే అదే చెప్పవే," అంది దానమ్మ. "నా మొహాన కాదు, ఆయన మొహానే చెప్పు. వింటాడు. ఆయనేం జకరయ్య కాదుగా."

నయోమి తలెత్తి అరిచింది. "నా బిడ్డనెందుకు తీసుకున్నావయ్యా?" అని అరిచింది. ఆ అరుపు ఏడు ఊళ్ళకి వినపడిందంటారు. సీమోను తాత ఒంటి అద్దంలోంచి పుస్తకం తిప్పి, "ఇందులోనూ ఇట్టాగే నిలదీసినవాళ్ళున్నారు తల్లీ. ఒక్కర్నీ ఆయన గెంటెయ్యలా" అన్నాడు. ఆ పూట నయోమి ఎవరూ అడక్కుండానే మూడు ముంతల జావ తాగింది.

ఈ సంగతి జకరయ్య చెవిన పడింది. మీసాలు నిక్కబొడుచుకున్నాయి. కళ్లానికొచ్చి చాప ముందు నిలబడ్డాడు.

"ఇంత గుడి పెట్టుకుని కళ్లంలో కూటమా? వేరు కుంపటా? వినండి! ఈ చాప మీద కూర్చున్నవాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర రొట్టె లేదు. గుడి గుమ్మం లేదు. సమాధుల దొడ్డి గేటు లేదు."

మూడో మాటకి నయోమి మొహం పాలిపోయింది. "అత్తా, నా బిడ్డ దగ్గరికి పోనివ్వరంట. నేనిక రాను. చాప చుట్టెయ్యి."

మళ్ళీ గోడకి ఆనుకోవడానికి ఇంటికి పోయింది ఆ పిల్ల.

దానమ్మకి కోపం వచ్చింది. ఈసారి మిరపకాయలు ఎండలేదు. పొయ్యి రాజుకోలేదు. ఊళ్ళో కాకులన్నీ మూట కట్టుకుని వెళ్ళిపోయాయి.

ఆదివారం వచ్చింది. నయోమిని బతిమాలి గుడి దాకా తెచ్చింది దానమ్మ. కాపలావాడు అడ్డం పెట్టిన కర్రని పక్కకి నెట్టి లోపలికి దూసుకుపోయింది. నయోమికి అంత ధైర్యం చాలలేదు. కింద, మెట్ల మొదట్లో, చెప్పుల గుట్ట దగ్గరే ఆగిపోయింది.

"వెయ్యిమంది! స్తోత్రం!" అన్నాడు జకరయ్య.

"ఆగు," అంది దానమ్మ, నట్టనడుమ నిలబడి. "ఈవేళ గుడికి రానివాళ్ళవి మూడు పేర్లు చెప్పు. చెబితే నా చాప నేనే పొయ్యిలో పెడతా."

అయ్యగారు, పాపం ముసలాయన, నెమ్మదిగా అన్నాడు. "చెప్పండి జకరయ్యగారూ. మూడే కదా."

జకరయ్య గొంతు సవరించుకున్నాడు. "వడ్రంగి యోబు."

"ఉన్నానయ్యా," అన్నాడు యోబు, ముందు వరసలోంచి.

"సరే, అబ్రాము. కల్లుపాకల దగ్గర ఉండే అబ్రాము."

"ఆయన పోయి ఏడాదైంది పెద్దయ్యా," అన్నారు జనం. "తమరే మట్టి వేశారు."

జకరయ్య మూడోసారి నోరు తెరిచాడు. నోట్లోకి ఈగ వెళ్ళి, తిరిగి, విసుగుపుట్టి బయటికొచ్చింది. పేరు మాత్రం రాలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర ఒక గొంతు వినపడింది. ఆయాసపడుతున్న గొంతు. నాలుగు వందల మెట్లూ పరిగెత్తి వచ్చిన గొంతు.

"మీ అమ్మ రాలా పెద్దయ్యా."

నయోమి! నోరు లేని నయోమి, గుమ్మంలోంచి ఆ పేర్ల సంగతి విని, వెయ్యిమంది ఎదుట నిలబడి మాట్లాడుతోంది. "మెట్లెక్కలేక మూడేళ్ళ నించి కింద చెప్పుల దగ్గర కూర్చుంటుంది. ఈ మూడేళ్ళలో పలకరించింది నేనేనంట. మీరు పక్కతలుపులో పోతారుగా, మీకెట్టా కనపడుద్ది?"

ఆ వెయ్యిమందీ ప్రతి ఆదివారం ఆ ముసలామె పక్కనే చెప్పులు విప్పి పైకెక్కినవాళ్ళే. ఒక్కరూ తలెత్తలేదు.

జకరయ్య మెట్లు దిగాడు. కింద ఆయన తల్లి రాహేలమ్మ చెంగు తలమీద వేసుకుని కూర్చుంది. నూటముప్పై ఏళ్ళుంటాయి ఆమెకి. ఒక రోజు ఎక్కువే గానీ తక్కువ కాదు.

"ఒరే జకరయ్యా," అంది. "ఈవేళ గంట బాగా కొట్టావురా. నాకు వినపడేది అదొక్కటే."

జకరయ్య చెప్పుల గుట్ట మీదే కూలబడి ఏడ్చాడు. మీసాలు తడిసి మెడ దాకా జారాయి.

"ఏడుపు తర్వాత," అంది దానమ్మ. "ముందు జరుగు." నయోమి దానమ్మ ఇంటికి పరిగెత్తి, ఆమె చాప తెచ్చి అక్కడే పరిచింది. ఏడుగురు కూర్చున్నారు. పట్టనివాళ్ళు ఇంకో చాప పరుచుకున్నారు. ఆ మెట్ల కింద ఆ రోజు నూట నలభై చాపలు పడ్డాయి. ఒక్కో చాప మీద ముందు కోపాలు, తర్వాత ప్రార్థన. సమాధుల దొడ్డి గేటు జకరయ్యే ఊడదీసి పారేశాడు. ఇప్పటికీ దానికి గేటు లేదు.

చాలా ఏళ్ళకి దానమ్మ పోయింది. గుంట జకరయ్యే తవ్వాడు. ఆ తర్వాతి గురువారం చాప మీద ఆరుగురే ఉన్నారు.

"ఎవరు రాలా?" అన్నాడు చూపు పూర్తిగా పోయిన సీమోను తాత.

"దానమ్మత్త," అంది నయోమి. లేచి, చాప చుట్టి, చంకన పెట్టుకుని, సమాధుల దొడ్డికి నడిచింది. ఐదుగురూ వెనకే నడిచారు. ఆమె పక్కనే చాప పరిచి, ఆమె మీదున్న కోపాలన్నీ చెప్పుకుని, అప్పుడు ప్రార్థన చేశారు.

అదిగో, ఆ గురువారం నించి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఇదే వాడుక. కూటానికి ఒక మనిషి తగ్గితే ప్రార్థన మొదలుపెట్టరు. చాప చుట్టుకుని ఆ మనిషి ఇంటికే పోతారు. తలుపు తీస్తే లోపల పరుస్తారు. తియ్యకపోతే గుమ్మంలో పరిచి, రానందుకు ఆ మనిషినే గట్టిగా, ఊరంతా వినేట్టు తిడతారు. ఎంతటి మొండివాడైనా, ఆ తిట్లకి ఉక్రోషమొచ్చి, మాటకి మాట అనడానికైనా తలుపు తీస్తాడు. తీసినవాడికి చాప మీద చోటుంటుంది.