అన్నబావి మీది తుమ్మసిలువ

పూర్వం, ఈ మెట్టసీమలో మిషను గంట కొత్తగా మోగుతున్న కాలంలో, బోడికొండ పాదాన, ఎర్రవాగుకు కోసెడు దూరాన, నల్లతుమ్మలూ నాపరాళ్ళూ తప్ప మరో సంపద ఎరుగని ఒక చిన్న పల్లెలో కోటయ్య, గాలెయ్య అనే అన్నదమ్ములు నివసించేవారు. తండ్రి బతికుండగా ముగ్గురూ కలిసి రెండిళ్ళకూ నడుమ ఒక బావి తవ్వి, ఒడ్డున రెండు రాతిగుంజలు నాటి, వాటి మీద దూలం వేసి గిలక కట్టుకున్నారు. ఆ నీళ్ళు, మీరు నమ్మండి నమ్మకపోండి, కొబ్బరినీళ్ళలా ఉండేవట! తండ్రి కన్నుమూసిన మరుసటి వేసవిలోనే ఆ బావి నాదంటే నాదని ఇద్దరూ కొట్లాటకు దిగారు. గాలెయ్య పట్టరాని కోపంతో దూలాన్ని ఊడబెరికి పొయ్యికట్టెలు చేశాడు. కోటయ్య ఏమైనా తక్కువ తిన్నాడా? బావి నిండా ముళ్ళకంప కొట్టి పడేశాడు. ఇంటిముందు బావి పెట్టుకొని రెండిళ్ళవాళ్ళూ కోసెడు దూరం పోయి వాగునీళ్ళు మోసుకోవడం మొదలుపెట్టారు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఈ భూమండలం మీద మరెక్కడైనా జరిగిందేమో, నేనైతే వినలేదు!

ఇట్లా కొన్నేళ్ళు గడిచాక, యోనా అనే వృద్ధ ఉపదేశి చంకలో వేదగ్రంథంతో, చేతిలో చిరుగుల గొడుగుతో కాలినడకన ఆ పల్లెకు వచ్చి సువార్త ప్రకటించగా, గాలెయ్యా అతని ఇల్లాలూ వాగులో బాప్తిస్మం పొంది ఫిలేమోను, తబిత అనే నామధేయాలు స్వీకరించారు. తబితమ్మ పేరు నిలిచింది గానీ, ఆయన్ని మాత్రం ఊరంతా గాలెయ్య అనే పిలిచింది కాబట్టి నేనూ అట్లాగే అంటాను. ఒక ఆదివారం ఉపదేశి, క్రీస్తును వెంబడించేవాడు తన ఇష్టాన్ని కాదనుకొని దినదినమూ సిలువ మోయాలని బోధించేసరికి గాలెయ్య ఒళ్ళంతా పులకరించిపోయింది. మర్నాడే గొడ్డలి భుజాన వేసుకొని పోయి, నిండా చేవదేరిన నల్లతుమ్మను కొట్టి, నిలువెత్తును మించిన సిలువ చేసి, ప్రతి ఉదయమూ దాన్ని బోడికొండ శిఖరానికి మోసుకుపోయి దించుతాననీ, నడుమ దారిలో ఎంతమాత్రం కింద పెట్టననీ దేవుని ఎదుట ప్రమాణం చేశాడు.

అబ్బబ్బ, ఏం మోశాడండీ! భుజం ఒరుసుకుపోయి నెత్తురు కారినా, అరికాళ్ళలో పల్లేరుకాయలు దిగినా ఆగలేదు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు చద్దిమూటలు కట్టుకొని చూడవచ్చారు. "ఫిలేమోను అంటే ఫిలేమోనేరా!" అని చేతులు జోడించేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా కొండ కాస్త తేలిగ్గా ఉండేదని గాలెయ్యే తరువాత చెప్పుకొని నవ్వేవాడట. రోజూ ఆ సిలువను ముళ్ళకంప నిండిన బావి పక్కనుంచే మోసుకుపోయేవాడు, ఒక్కనాడైనా అటు తల తిప్పి చూడలేదు.

అంతలో కరువు వచ్చిపడింది. ఎర్రవాగు ఎండిపోయింది. జనం ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడుకొని, బురదనీళ్ళు వడగట్టుకు తాగుతున్నారు. కోటయ్యకు అప్పటికి భార్య పోయింది, కొడుకు రైలుదారి పనికి వలసపోయాడు, మోకాళ్ళు పట్టేసి నడవడమే గగనమైంది. అయినా ఆ మొండిమనిషి ఎవరినీ నోరు తెరిచి అడగక, తానే కుండ ఎత్తుకొని చెలమకు పోయివస్తూ ఒక ఉదయం కొండదారి మలుపులో కూలబడ్డాడు. కుండ పగిలింది, నీళ్ళన్నీ మట్టిపాలయ్యాయి. సరిగ్గా అదే సమయానికి గాలెయ్య సిలువతో ఆ మలుపు దగ్గరికి వచ్చాడు. దారికి అడ్డంగా తోడబుట్టినవాడు పడి ఉన్నాడు! భుజాన ప్రమాణం ఉంది, దించకూడదు. చెప్పడానికి నాకే నోరు రావడం లేదు కానీ చెప్పక తప్పదు. ఆ మహానుభావుడు అన్నను చుట్టుతిరిగి కొండెక్కిపోయాడు.

శిఖరం మీద మోకరిస్తే ఒక్క ప్రార్థనా నోట రాలేదు. కళ్ళు మూసినా తెరిచినా ఆ పగిలిన కుండే కనబడింది. సిలువ ఎత్తుకొని దిగివచ్చేసరికి మలుపు దగ్గర యోనా ఉపదేశి నిలబడి ఉన్నాడు. ఆ వయసులో ఆయనే కోటయ్యకు భుజం ఆసరా ఇచ్చి ఇంటికి చేర్చి వచ్చాడు.

"ఎవరు మోయమన్నారురా ఈ దుంగను?" అన్నాడు ఉపదేశి.

"అదేందయ్యా, ప్రభువే కదా!"

"ప్రభువు మొయ్యమన్నది ఆ ఇంట్లో మంచాన పడి మూలుగుతోంది. కొండెక్కడం నీకిష్టంరా గాలీ, అందుకే ఎక్కుతున్నావు. మీ అన్న గడప ఎక్కడం నీకిష్టం లేదు. మరి నువ్వు వదులుకున్న ఇష్టం ఏదో నాకు చెప్పు."

గాలెయ్య అక్కడికక్కడే చంటిపిల్లవాడిలా బావురుమన్నాడు. ఏడ్చి ఏడ్చి, ముఖం తుడుచుకొని, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారయ్యా?" అని అడిగాడు. ఉపదేశి పెద్ద ఉపదేశమేమీ చెయ్యలేదు. "దాహంగా ఉన్నాడు, నీళ్ళివ్వు" అన్నాడు.

అప్పుడు చూడాలి! గాలెయ్య సిలువతో పరుగున వచ్చి, వట్టిచేతులతో ముళ్ళకంప లాగి పారేసి, తాను ఇంతకాలం దేవునికి చూపించిన ఆ తుమ్మసిలువను రాతిగుంజల మీద అడ్డంగా పడుకోబెట్టి, రెండు కొయ్యలూ కలిసే చోట గిలక కట్టాడు. చేద దించితే అడుగున గలగలమంది. పూడిక నిండిన ఆ బావిలో రాత్రంతా ఊరిన నీరు ఒక్క కుండకే సరిపోయింది. ఆ కుండ నెత్తిన పెట్టుకొని అన్న గడప తొక్కాడు. కోటయ్య మంచం మీద లేచి కూర్చొని తమ్ముణ్ణీ కుండనూ మార్చి మార్చి చూసి, కుంటుకుంటూ వచ్చి, ఆ కుండ అందుకొని, గుమ్మం ముందు నిలువునా పారబోసి తలుపు మూసుకున్నాడు. పొద్దున పక్కనుంచి పోయినవాణ్ణి ఆయన కూడా చూశాడు మరి!

"ఎన్నాళ్ళు పొయ్యమంటారయ్యా?" అని గాలెయ్య ఉపదేశి దగ్గర మొరపెట్టుకున్నాడు. "ఇవాళ పోశావుగా. రేపు లేచాక రేపటి సంగతి అడుగు" అన్నాడాయన. గాలెయ్య మర్నాడూ పోశాడు. మర్నాడూ కోటయ్య పారబోశాడు. ఇక చూస్కోండి, పొద్దు పొడవడం ఆలస్యం, వీడు కుండ తేవడం, వాడు పారబోయడం! కొండ మోత చూడవచ్చిన జనమంతా ఇప్పుడు వెక్కిరించడం మొదలుపెట్టారు. తబితమ్మ ఉత్తమురాలే, కానీ ఆమెకూ ఓపిక నశించింది. "తాగేవాడికి పోస్తే నేనూ సంతోషిస్తాను. మనం చెలమబురద తాగుతా, బావిలో ఊరే ఒక్క కుండా తీసకపోయి నేలపాలు చేస్తావా? నీకేమన్నా మతి పోయిందా?" అని కడిగిపారేసింది. గాలెయ్యకు ప్రతి ఉదయమూ చేదతాడు పట్టుకునేటప్పుడు, ఈ ఒక్కపూట మానేద్దామని మనసు పీకేది. ఆ పీకుడును కాదనుకొని తాడు లాగేవాడు. కొండ మోతలో ఒక్క రోజు కూడా తనకింత బరువు తెలియలేదని ఆయనే చెప్పాడు.

ఇక అసలు విశేషం వినండి. లోకమంతా మలమల మాడుతుంటే, కోటయ్య గుమ్మం ముందు, రోజూ కోపంతో నీళ్ళు కుమ్మరించిన ఆ చోటనే, రెండు లేతాకులు తలెత్తాయి! నేరేడు మొక్క! ఎవరు నాటారు, ఎప్పుడో ఎవరో ఉమ్మేసిన గింజా, దేవుడే తెచ్చి వేశాడా, ఎవరికి తెలుసు? కనుచూపు మేరలో పచ్చగా ఉన్నది అదొక్కటే. మేకలు తినకుండా కోటయ్య తన చేతికర్ర అడ్డం పెట్టి, ముందు ఒకపూట, తరువాత రోజంతా గుమ్మంలోనే కూర్చున్నాడు. తన కోపమూ తమ్ముడి కుండా కలిసి పెంచిన ఆ పసిమొక్కను చూస్తూ చూస్తూ ఆ మనిషి లోలోపల మెత్తబడిపోయాడు.

ఆ మర్నాడు గాలెయ్య కుండతో వచ్చేసరికి కోటయ్య దోసిలి పట్టుకొని కూర్చొని ఉన్నాడు. గాలెయ్య వంచాడు, కోటయ్య కడుపారా తాగాడు. మిగిలిన నీళ్ళు మొక్క మొదట్లో తానే మెల్లగా పోసి, తమ్ముడి వైపు చూసి, "ఇంత మొండితనం ఎవరి పోలికరా నీకు?" అన్నాడు.

"నీ పోలికే అన్నా!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని నవ్వారో ఏడ్చారో చూసినవాళ్ళకు తెలియలేదట. ఆ పూటే గాలెయ్య పలుగూ పారా తీసుకొని బావిలోకి దిగాడు. కోటయ్య మోకాళ్ళ నొప్పి మరిచి ఒడ్డున కూర్చొని, తుమ్మసిలువ మీదుగా తాడు లాగుతూ పూడికబుట్టలు పైకి తోడాడు. ఏళ్ళ తరబడి అడుగున పేరుకున్న ముళ్ళూ మట్టీ పైకి పోయాక, పలుగు పోటుకు అడుగున రాయి పగిలి, జలజలా ఊట తన్నుకొచ్చింది! "నీళ్ళు! ఒరే, నీళ్ళు!" అని కోటయ్య వేసిన కేక వాగు దగ్గరున్న వాళ్ళకు వినబడింది. పల్లె పల్లెంతా కుండలతో ఉరికివచ్చింది. తబితమ్మ అయితే మొదటి చేదను నెత్తిన గుమ్మరించుకొని, అక్కడే చప్పట్లు కొట్టి పాట అందుకుంది. ఆ కరువులోనూ, ఆ తరువాత వచ్చిన ఏ కరువులోనూ ఆ బావి ఎండలేదు.

ఆ తుమ్మసిలువ ఈనాటికీ రాతిగుంజల మీదనే ఉంది, తాళ్ళ ఒరిపిడికి పడిన గాడి మీద చెయ్యి పెట్టి చూడవచ్చు. కోటయ్యగారి గుమ్మం ముందు నేరేడు మహావృక్షమైంది. ఏటా పునరుత్థాన పండుగకు ముందునాటి శనివారం ఊళ్ళో ప్రతివాళ్ళూ మొదటి కుండ తోడి, ఎవరితో తమకు మాటల్లేవో వాళ్ళ గడపకు మోసుకుపోతారు. అవతలివాళ్ళు పారబోయవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ మోసినవాళ్ళు మర్నాడు మళ్ళీ వెళ్ళాలి, అదీ ఆచారం. పోయిన ఏడు మా తోడికోడలి గడపకు నేను జ్యేష్ఠం వచ్చేదాకా తిరిగాను. మహాతల్లి, చివరికి తాగింది!

ఇక ఊరి పేరు, అది ఆ బావి మీదనే రావాలని అందరి పట్టూ. "ఇది మా అన్న బావి" అని గాలెయ్యా, "కాదు, మా తమ్ముడి బావి" అని కోటయ్యా కడదాకా వాదించుకున్నారు. వాళ్ళ పిల్లలూ అదే పట్టు పట్టారు. బస్సు ఆగేచోట పలక పెట్టడానికి వచ్చినవాళ్ళు ఏ పేరు రాయాలని అడిగితే ఆనాడు ఊరంతా మళ్ళీ లేచింది. గాలెయ్య వైపువాళ్ళం అన్నబావి అన్నాం, కోటయ్య వైపువాళ్ళు తమ్ముడిబావి అన్నారు. తెగలేదు. వచ్చినవాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయారు. పలక ఇప్పటికీ ఖాళీగానే ఉంది.