గాజు తాళం

అచలానంద స్వామివారిని సలహా అడిగినవాడు సాధారణంగా సలహా లేకుండానే తిరిగొస్తాడు. ఆయన అవుననరు, కాదనీ అనరు. "కూర్చో నాయనా" అంటారు. కూర్చున్నాక ఏదో ఒకటి జరుగుతుంది. ఆ జరిగిందే జవాబని తర్వాతెప్పుడో తెలుస్తుంది, అదీ తెలిసే యోగం ఉంటే. శిష్యుడు పినాకపాణికి ఈ పద్ధతి మొదటినుంచీ మింగుడు పడలేదు. నగరంలో పెద్ద ఉద్యోగం మానుకుని, వంశధార ఒడ్డునున్న ఈ అంధ మహిళల ఆశ్రమంలో సేవ చేద్దామని వచ్చినవాడు. అంతవరకూ అడిగినదానికి టక్కున బదులిచ్చే యంత్రాలతో బతికాడు. పైగా ఈసారి అతను తెచ్చిన ప్రశ్న ఆషామాషీది కాదు.

"స్వామీ, మన ఆన్‌లైన్ కొట్టుకు ఏ సీఎంఎస్ తీసుకోమంటారు?"

సీఎంఎస్ అంటే మరేం కాదు. వెబ్‌సైట్లో సరుకు ఫొటోలూ ధరలూ పెట్టడానికీ, మార్చడానికీ, వచ్చిన ఆర్డర్లు చూసుకోవడానికీ తెరవెనక పనిచేసే సాఫ్ట్‌వేర్. అలాంటివి కోకొల్లలు. కొన్ని ఉచితం, కొన్నిటికి నెలకింతని అద్దె. పాణి వాటిని పరీక్షించడం ఎండాకాలంలో మొదలుపెట్టాడు. ఇప్పుడు దసరా కూడా వెళ్ళిపోయింది. ఆశ్రమంలో ఆడవాళ్ళు చేసేది పత్తి వత్తులు. ఏడాది పొడుగునా దీపం పెట్టడం కుదరనివాళ్ళు కార్తీక పౌర్ణమినాడు ఒక్కసారిగా వెలిగించి బాకీ తీర్చుకుంటారే, ఆ మూడువందల అరవై అయిదు వత్తుల కట్టలు. కార్తీకం దాటిందంటే వాటి మొహం చూసేవాడుండడు. నిరుడు వేరే దారిలేక బస్తాలన్నీ గేటు దగ్గరికొచ్చిన టౌను షావుకారుకే అప్పజెప్పి, అతను దయదలిచి ఇచ్చింది పుచ్చుకున్నారు. ఈసారి మన సరుకు మనమే అమ్ముకుందామనీ, ఆ కొట్టు నీలవేణి నడుపుతుందనీ స్వామివారే మాటిచ్చారు. నీలవేణి కూడా చూపులేని పిల్లే. తెరమీద ఉన్నది చదివి వినిపించే కంప్యూటరు నేర్చుకుని ఎప్పుడో సిద్ధమైంది. పాణి చెప్పుల చప్పుడు వినబడితే చాలు, "అన్నయ్యా, కొట్టెప్పుడు తెరుస్తాం? షావుకారు మళ్ళీ కబురెట్టాడు" అనేది. "మంచిది ఎంచాలి కదమ్మా" అనేవాడు పాణి.

ఎంచనిస్తే కదా! ఆశ్రమం కమిటీ పెద్దల్లో ఒకాయన విరాళాల బొత్తాం గుమ్మడికాయంత ఉండాలన్నాడు. ఇంకొకాయన తన వార్షికోత్సవ ఉపన్యాసం మొదటి పేజీలోనే మోగాలన్నాడు. మూడో ఆయనకు ఒక మేనల్లుడున్నాడు. అతగాడు అంతా ఉచితంగా చేసిపెడతాడట, వచ్చే ఏడాది. తలోమాటా విని పాణి తల బొప్పికట్టింది. అతని మనసు మాత్రం ఒకదానిమీదే ఉంది. బొమ్మల్ని మౌస్‌తో పట్టి లాగి ఎక్కడ కావాలంటే అక్కడ వదలచ్చు. చూడ్డానికి పెళ్ళిమంటపంలా ఉంటుంది. స్వామివారు దానికి ఊఁ అంటే కమిటీ నోరు మూతపడుతుందని అతని ఆశ.

స్వామివారు పత్తిలో గింజలు తీస్తున్నారు. "కూర్చో నాయనా" అని, వంటింటి వైపు తిరిగి గట్టిగా, "ఈ పూట పాణి నా దగ్గరే ఉంటాడు. ఎవరూ పిలవకండి" అన్నారు. ఇన్నాళ్ళకు గురువుగారు తన మాటకు విలువిచ్చారని పాణి పొంగిపోయి ల్యాప్‌టాప్ తెరిచాడు.

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. స్వామివారు అన్నీ విన్నారు. విన్నాక, "మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏమన్నావు?" అన్నారు. పాణి మళ్ళీ చెప్పాడు. "ఆ రంగు ఎందుకన్నావు?" అన్నారు. రంగు సంగతి తను ఎత్తనేలేదని పాణి పళ్ళు బిగించుకుని మనవి చేశాడు. "అయితే ఇప్పుడు ఎత్తు" అన్నారు. గోడకు చెప్పినా ఈపాటికి ఏదో ఒకటి తేల్చి ఉండేదని పాణికి కోపం వచ్చింది. ఎండ వరండా దాటి గదిలోకి వచ్చింది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. భోజనం గంట మోగలేదు. అతనింక పట్టలేకపోయాడు.

"ఇవాళ భోజనాలు లేవా స్వామీ?"

"ఏమో. వెళ్ళి కనుక్కో" అన్నారాయన, గింజ మీదనుంచి చూపు తియ్యకుండానే.

వంటింట్లో పొయ్యి వెలగలేదు. కూరలు తరిగి గిన్నెల్లో ఉన్నాయి. వంట చేసే అప్పాయమ్మ గోడకి చేరబడి కూర్చుంది. ఆమెకూ చూపు లేదు, చేతి కొలతతోనే ఆశ్రమమంతటికీ వండి వడ్డిస్తుంది. భోజనాల గదిలో ఆడవాళ్ళంతా గంట మోగకపోయినా వేళకే వచ్చి కంచాల ముందు ఓపిగ్గా కూర్చున్నారు.

"గంట కొట్టలేదేం అప్పాయమ్మా?" పాణి విసుక్కున్నాడు.

"గంటెలాగ కొడతాను బాబూ?" ఆవిడ అంతకన్నా విసుక్కుంది. "బియ్యం సామాన్ల గదిలో ఉన్నాయి. గదికి మీ తాళం ఉంది. మీరొచ్చి నొక్కితేనే గదా తలుపు తెరుసుకునేది! మిమ్మల్ని పిలవొద్దని సామేమో సెప్పీసినారు."

ఆ తాళం కథ ఇదీ. నిరుడు గదిలో ఒక బియ్యం బస్తా మాయమైతే, పాణి నగరం నుంచి మేలైన తాళం తెప్పించాడు. తాళంచెవి ఉండదు. నున్నటి గాజుపలక, తాకితే అంకెలు వెలుగుతాయి, వాటిని వరసలో నొక్కాలి. కొన్నవాళ్ళంతా మెచ్చుకున్న తాళమది. వాళ్ళెవరూ అంధుల ఆశ్రమానికి కొని ఉండరన్న ఊహ మాత్రం పాణికి రాలేదు. పూటపూటా అప్పాయమ్మ వచ్చి పిలవడం, తను లేచి వెళ్ళి తలుపు తియ్యడం. నేను లేకపోతే వీళ్ళకు గడవదు పాపం అని అతను మురిసిపోవడం, ఇన్నాళ్ళూ అదే జరిగింది.

పాణి గది ముందుకెళ్ళి, ఏమనుకున్నాడో ఏమో, కళ్ళు మూసుకుని పలకమీద వేలుపెట్టాడు. ఎక్కడ తడిమినా ఒకటే నునుపు. తాళం బీప్‌మని వెక్కిరించింది. మళ్ళీ తడిమాడు, మళ్ళీ వెక్కిరించింది. వెనకనుంచి కంచాల చప్పుడు వినిపిస్తుంటే అతనికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఇన్నాళ్ళూ నాతో చెప్పలేదేం?" అన్నాడు కళ్ళు తెరిచి తలుపు తీస్తూ.

"మోజుపడి తెచ్చుకున్నారు గదా బాబూ. మీరు అడగనేదు, మేం సెప్పనేదు" అంది అప్పాయమ్మ, బియ్యం కొలుచుకుంటూ.

భోజనాలయ్యాక పాణి ల్యాప్‌టాప్ పట్టుకుని తిన్నగా నీలవేణి దగ్గరికెళ్ళాడు. పెళ్ళిమంటపం లాంటిదాన్నే మొదట ఆమె ముందు పెట్టాడు. కంప్యూటరు చదవడం మొదలెట్టింది: "బటన్. బటన్. బటన్." నీలవేణి ఓపిగ్గా చివరిదాకా విని, "వీటికి పేర్లు పెట్టలేదా అన్నయ్యా?" అంది. పాణి మిగతావీ ఒక్కొక్కటే వినిపించాడు. పాత కరపత్రంలా ఉందని అతను మొట్టమొదటే కొట్టిపారేసిన ఒకటుంది. అది మాత్రం ప్రతి బొత్తాం పేరూ పలికింది. నీలవేణి వింటూ, నొక్కుతూ, తప్పులు దిద్దుకుంటూ, వత్తుల కట్ట వివరం తనే రాసి, ధర తనే వేసి, "ఫొటో సరిగా ఉందో లేదో అదొక్కటి చూసిపెట్టు" అంది. ఫొటో తలకిందులుగా ఉంది. అది దిద్దాక పాణి తన ఫోన్లోంచి ఒక కట్టకు ఆర్డరు పెట్టాడు. క్షణంలో నీలవేణి కుర్చీలోంచి లేచి, వత్తులు చేసే గదంతా వినబడేలా అరిచింది.

"ఆర్డరొచ్చిందర్రా! షావుకారుని ఇంక రావద్దని చెప్పండి!"

దీపాల వేళకు పాణి స్వామివారి ఎదుట నిలబడ్డాడు. పశ్చాత్తాపం నిండుగా ఉంది. పశ్చాత్తాపపడ్డానన్న గర్వం అంతకన్నా కొంచెం ఎక్కువగా ఉంది.

"నాకు బుద్ధొచ్చింది స్వామీ. కొట్టుకు నీలవేణి ఎంచిందే ఖాయం చేశాను. కమిటీ ఏమన్నా సరే, రేపే తెరుస్తున్నాం. ఆ గాజు తాళం కూడా ఊడబెరికేశాను. పాత ఇత్తడి తాళమే వేశాను, తడిమితే ఎవరికైనా తెలుస్తుంది."

"మంచిపని చేశావు" అన్నారు స్వామివారు. "తాళంచెవి ఎక్కడుంది?"

పాణి చెయ్యి తనంతట తానే చొక్కాజేబు మీదికి వెళ్ళింది. తాళంచెవి అక్కడే ఉంది. కొట్టు పాస్‌వర్డు రాసుకున్న కాగితం ముక్క కూడా దాని పక్కనే ఉంది.

స్వామివారు నిట్టూర్చి పత్తి ముందుకు లాక్కున్నారు.

"అయితే రేపు కూడా భోజనం ఆలస్యమేనన్నమాట."